గవి ముందర పిలవని పేరు

దగ్గరికి జరగండమ్మా, ఇంకాస్త దగ్గరికి. ఆ వెనకాల గోడకి ఆనుకున్నాయన కూడా ముందుకు రావచ్చు. కాణిపాకం స్వామిని ఒకసారి మనసులో తలుచుకోండి. ఇది పట్టపగలు మొదలైన కథ.

ఐరాల అవతల కొండల్లో ఒక గవి, అదే గుహ, ఉంది. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతికీ రాని రోజుల్లో తిరుపతి నుంచి జనం జీపుల్లో వచ్చి, ఊరివాళ్ళను తోడు తీసుకుని దాన్ని చూసి పోయేవాళ్ళు. దారి చూపే ధనంజయకు ఆ వచ్చేవాళ్ళంటే ఎంత చులకనో! వాళ్ళ టోపీలు చూసి నవ్వేవాడు. రాయి మీద జారితే నవ్వేవాడు. జిల్లేడు పొదను చూపి ఇదేం చెట్టని అడిగితే మూతి తిప్పేవాడు.

ఆ పొద్దున కూతురు మహిత అతని కాలు చుట్టేసుకుంది.

"దీపం పెట్టే యాళకి వస్తావా నాయనా?"

"వస్తా లేమ్మా. ఈ పట్నమోళ్ళని తోలుకోని పోయి, తోలుకోని వస్తా. వీళ్ళకన్నా గొర్రెలు నయం."

గవిలో చీకటి చల్లగా ఉంది. గబ్బిలాల కంపు. ఎక్కడో లోపల నీటిచుక్క పడుతున్న చప్పుడు. చూసి బయటికొచ్చాక అక్కడొక ఆచారం. ప్రతి మనిషీ గవివైపు తిరిగి తన పేరు తానే పిలుచుకుని, "రా, ఇంటికి పోదాం" అనాలి. మనలోది ఏదైనా లోపల నిలిచిపోయి ఉంటే వెంట వస్తుందని.

అందరూ పిలుచుకున్నారు. ప్రతి పేరునూ గవి మారుపలికింది. భారతమ్మ అనే పెద్దావిడ చెప్పులు విడిచి, గోవిందా అని దండం పెట్టి మరీ పిలుచుకుంది. తర్వాత ధనంజయ వైపు చూసింది.

"నువ్వూ పిలుచుకో నాయనా."

"నేనేమన్నా సుట్టపుసూపుకి వచ్చినానా అవ్వా? ఇదంతా మీలాంటి బెదురుగొడ్లకి."

అంతటితో ఊరుకున్నాడా? గవిలోకి తల పెట్టి అరిచాడు.

"ఒరే ధనంజయా! నువ్వు ఈడే పడుండు. నేను పోతాండా!"

గవి మారుపలకలేదు...

నవ్వుతూ వెనుదిరిగి అడుగేశాడు. కాలు లేవలేదు. మళ్ళీ వేశాడు. లేవలేదు. లోపల నీటిచుక్క చప్పుడు ఆగిపోయింది. ఆ కంపు చల్లగా మెడ మీదికి వచ్చింది. జనం దిగిపోతున్నారు. ఆగమని అరవబోయాడు. గొంతు పెగల్లేదు.

అప్పుడు కింది నుంచి వినిపించింది.

"మెల్లగ అవ్వా, రాళ్ళు జారతాయి. పట్నమోళ్ళకి నడిసేది యాడ తెలుసు!"

అది తన గొంతే.

పొదల సందున ఒక వీపు. భుజం మీద ఎర్ర తువ్వాలు. ధనంజయ తన భుజం తడుముకున్నాడు. తువ్వాలు లేదు...

పొద్దు వాలింది. కొండ కింద జీపు ఎక్కబోతూ భారతమ్మ ఆగింది. ఒక పేరు పిలవకుండా వచ్చామే అని ఆ తల్లి మనసు ఒప్పుకోలేదు. కొండవైపు తిరిగింది.

"ధనంజయా, రా నాయనా, ఇంటికి పోదాం!"

ఆమె పక్కన నిలబడినవాడు పకపకా నవ్వాడు. "నేను ఈడుంటే, ఆడ ఎవుర్ని పిలుస్తాండావు అవ్వా?"

ఆ పిలుపు సన్నగా కొండెక్కి వచ్చింది. ధనంజయ కాలు లేచింది.

పరుగెత్తాడు. ముళ్ళు గీరాయి. నొప్పి తెలియలేదు. ఇల్లు చేరేసరికి తలుపు గొళ్ళెం పెట్టి ఉంది. కిటికీలో దీపం. లోపల మహిత నవ్వు.

"మహితా... గొళ్ళెం తియ్యమ్మా..."

నవ్వు ఆగింది.

"నాయనా, బయట ఎవురో నీ మాదిరే పిలుస్తాండారు."

"ఏం లేదు లేమ్మా." తన గొంతే, తన వెటకారమే. "అడివి సప్పుడు. పట్నమోళ్ళ మాదిరి బెదరొద్దు."

తెల్లవారి ముగ్గు వేయబోయిన అతని భార్య కోమలికి వాకిట్లో పాదముద్రలు కనిపించాయి. అన్నీ గడపదాకా వచ్చినవే. తిరిగి పోయినవి ఒక్కటీ లేవు. మహిత మాత్రం ఇంట్లో ఉన్నవాణ్ణి నాయనా అనడం మానేసింది. దీపం పెట్టే వేళ గడపలో నిలబడి, బయట చీకట్లోకి చూస్తూ "రా నాయనా" అని పిలిచేది.

భారతమ్మ చేసిన పని గుర్తుపెట్టుకోండమ్మా, మీరూ చేయండి. కొండైనా గవైనా, వదిలి వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి పేరు పెట్టి పిలవండి. పక్కవాడు పిలుచుకోకపోతే వాడి పేరు కూడా. వాడు మీ పక్కనే నిలబడి నవ్వుతున్నా సరే... పిలవండి.