డ్రాఫ్టుల్లో పదకొండు

నళిని, మహేంద్రల పరిచయం తిట్లతోనే మొదలైంది. రాయ్‌పూర్ శంకర్ నగర్‌లోని ఆ పెద్ద సర్కారు ఆఫీసులో ఒకరోజు నాలుగు వందల మందికీ ఒకే మెయిల్ వచ్చింది. "క్యాంటీన్ చాయ్‌లో ఇవాళ చక్కెర లేదు" అని. సబ్జెక్ట్ ఖాళీ. పంపింది స్టోర్స్ సెక్షన్ మహేంద్ర.

మెయిళ్ళు పద్ధతిగా సాగేలా చూసే పని ఎస్టాబ్లిష్‌మెంట్‌లో నళినిది. కారిడార్ దాటి వెళ్ళి మరీ హిందీలో కడిగేసింది. ఒక మెయిల్‌కి ఒకే విషయం, దానికో సబ్జెక్ట్, మూడు రోజుల్లో జవాబు. అన్నీ చెప్పి వెనక్కి తిరుగుతూ, "ఏటి మనిషో!" అని తెలుగులో గొణిగింది.

"మా ఇంట్లోనూ ఏటనే అంటామండీ" అన్నాడతను, మొహమంతా వెలిగిపోతూ.

తర్వాత ఏడాది పాటు చాయ్ కలిసే తాగారు. అతను అన్నీ మాట్లాడాడు, మాట్లాడవలసింది తప్ప. ఈలోగా భిలాయ్ నుంచి నళినికి సంబంధం వచ్చింది, ఆ మాట అతనికీ చెప్పింది. ఇవాళ సాయంత్రానికల్లా ఏ సంగతో తేల్చి చెప్పాలి.

"నీ మనసులో ఎవరైనా ఉన్నారేటే?" అని మామ్మ పార్వతమ్మ పొద్దున్నే అడిగింది. నళిని టిఫిన్ డబ్బా తీసుకుని ఆఫీసుకి వచ్చేసింది.

సరిగ్గా ఇవాళే ఇద్దరి సీట్లూ తారుమారయ్యాయి. ఆమె స్టోర్స్‌కి, అతను ఎస్టాబ్లిష్‌మెంట్‌కి. ఆ ఆఫీసులో మెయిల్ ఐడీ మనిషిది కాదు, సీటుది. ఎవరొచ్చి కూర్చుంటే పాత మెయిళ్ళన్నీ వాళ్ళవే.

మహేంద్ర పాస్‌వర్డ్ కాగితం చేతికిచ్చి, "అంతా సాఫ్ చేసేశానండీ" అని వెళ్ళిపోయాడు. అంతే! నళినికి ఒళ్ళు మండింది.

ఇన్‌బాక్స్ నిజంగానే శుభ్రంగా ఉంది. డ్రాఫ్టుల్లో మాత్రం పదకొండు మిగిలాయి. అన్నీ ఆమె పాత ఐడీకే. అన్నీ తెలుగులో.

"మీరు తిట్టిన రోజే ఇంటికెళ్ళి అమ్మకి చెప్పేశాను. మీకు చెప్పడానికే నోరు రావట్లేదు." ఇది మొదటిది.

చివరిది నిన్నటిది. "భిలాయ్ వాళ్ళకి ఏం చెబుతారో అడగాలని ఉంది. ఏ మొహంతో అడగను?"

నళినికి కళ్ళు చెమర్చాయి. కోపం కూడా వచ్చింది. తను ఏడాదిగా వినాలనుకున్న మాట కారిడార్ అవతల ఇలా పడి ఉంది. సబ్జెక్ట్ గడిలో "అర్జెంట్" అని కొట్టి, ఆ చివరిదాన్ని పంపేసింది.

రెండు నిమిషాల్లో మహేంద్ర పరుగెత్తుకొచ్చాడు.

"ఇదేటండీ, నేను రాసింది నాకే వచ్చింది?"

"నా పాత సీట్లో కూర్చున్నది మీరే కదా."

"మీరు చదివారా? ఇక్కడ పుట్టినోళ్ళం, మనలో తెలుగు చదవడం ఎవరికొచ్చండీ! నాకైతే తాతయ్య నేర్పాడు."

"నాకు మామ్మ నేర్పింది. మీరెప్పుడైనా అడిగారా?"

"పొరపాటున పోయినా మీకు అర్థం కాదులే అని ధైర్యంగా రాసుకున్నాను."

"అదా మీ ధైర్యం!"

అతను తల దించుకున్నాడు. "రూల్ ప్రకారం మూడు రోజులు ఆగుతాను. జవాబు ఇస్తారా?"

"ఒక మెయిల్‌కి ఒకే విషయం ఉండాలన్నాను. మీరు పదకొండింటికీ ఒకటే విషయం పెట్టారు" అంటూ నళిని ఫోన్ తీసి ఇంటికి కలిపింది.

"మామ్మా, భిలాయ్ వాళ్ళకి వద్దని చెప్పేయ్. పొద్దున అడిగావు కదా, ఉన్నాడు. ఇదిగో, నా ఎదురుగానే నిలబడ్డాడు."