సన్యాసి వేసిన అతుకు

శనివారం ఉదయం ఏడున్నరకు, సుంగై సుమున్ ఊళ్ళోని ఆ వరుస ఇళ్ళ ముందుకు కారు రాకముందే దాని శబ్దం వచ్చింది. సన్యాసి చేతిలోని కాఫీ కప్పు సాసరు మీద సన్నగా వణికింది. పామాయిల్ మిల్లు వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు వెల్డరుగా పనిచేసి రిటైరైన మనిషి ఆయన. ఏ శబ్దం ఏ యంత్రానిదో చెవితోనే తేల్చేవాడు. ఎనిమిది సిలిండర్లు, అనుకున్నాడు. సైలెన్సరు ఉన్నా లేనట్టే.

"వచ్చేసింది! పిల్ల వచ్చేసింది!" అంటూ ఆయన భార్య ఇందిర వంటింట్లోంచి పళ్ళెంతో పరుగున వచ్చింది. పళ్ళెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, చక్రాల కింద పెట్టడానికి నాలుగు నిమ్మకాయలు ఉన్నాయి.

"నిమ్మకాయలు తొక్కితే బండికి బ్రేకులు పడతాయేటే? చారులో పిండు, కనీసం రుచన్నా వస్తాది."

"నువ్వు నోరు ముయ్యయ్యా. నీకు దేవుడు లేడు, సరే. బండికి ఉన్నాడు."

ఈ సంభాషణ ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా ఏదో ఒక రూపంలో సాగుతూనే ఉంది. సన్యాసి నవ్వుకుంటూ లేచి గుమ్మంలోకి వచ్చాడు. వచ్చి అక్కడే నిలబడిపోయాడు.

నల్లటి అమెరికా కారు. పొడవాటి ముక్కు, నేలకు జానెడు ఎత్తున కూర్చున్న ఒళ్ళు, వెనక లారీ టైర్లను తలపించే వెడల్పాటి టైర్లు. లోపల వెనక సీటే లేదు. బరువు తగ్గించడానికి పీకేశారు. డ్రైవరు తలుపు తెరుచుకుని మేనక దిగింది. ఇరవై ఏడేళ్ళ పిల్ల. జార్జ్ టౌన్‌లో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో టెక్నీషియను. "సెకండ్ హ్యాండ్ బండి ఒకటి కొంటున్నాను నాయనా" అని పోయిన వారం ఫోనులో చెప్పినప్పుడు, డ్యూటీకి పోయిరావడానికి ఏ చిన్న కారో అనుకున్నారు తల్లిదండ్రులు.

"ఇదేటే, పెళ్ళికొడుకు పల్లకీలాగున్నాది!" అంది ఇందిర, భయమూ గర్వమూ కలిసిన గొంతుతో. "వెనకాల నేనెక్కడ కూకోవాలి?"

"నువ్వు కూకోడానికి కాదమ్మా. రేసుకి."

"రేసా?"

"సాయంత్రం అయిదింటికి, బాగన్ దాతుక్ రోడ్డులో. నాలుగొందల మీటర్లే. వచ్చే నెల అసలు ట్రాకు మీద." మేనక బానెట్ మీద చెయ్యి వేసి నిమిరింది. ఫోనులో ఎప్పుడూ అలసటగా వినబడే పిల్ల ముఖం ఆ పొద్దున వెలిగిపోతోంది. "ఆరేళ్ళు కూడబెట్టినాను. నాయనా, ఇలగ రా. బాడీ సూడు. ఎవరి పనో సెప్పుకో."

సన్యాసి దగ్గరికి వెళ్ళాడు. తలుపు కింది పట్టీ మీద ఆయన చూపు ఆగింది. రంగు చక్కగా పరుచుకుని ఉంది. చూసేవారికి అక్కడ ఏమీ లేదు. ఆయనకు మాత్రం ఒక చేతివ్రాత కనిపించింది. గ్రైండర్‌ను కుడినుంచి ఎడమకు, చివర్లో కొద్దిగా పైకి లాగే అలవాటు ఆ జిల్లాలో తనకొక్కడికే ఉంది.

"బండి అమ్మిన తంగరాజు మామ సెప్పినాడు," అంది మేనక, తండ్రి ముఖంలో ఆశ్చర్యం కోసం వెతుకుతూ. "జార్జ్ టౌన్‌లో ఇంతకంటే మంచివి రెండు సూసినాను. నమ్మకం కుదరనేదు. ఈయన, 'మీ నాయన చేతిమీద తయారైన బండమ్మా' అన్నాడు. అంతే. ఇంకేటీ సూడకుండా కొనేసినాను."

ఇందిర నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. 

నిరుడు దీపావళికి ముందు సంగతి. విడిభాగాల దుకాణం నడిపే తంగరాజు ఇంటికి వచ్చి, "మేస్త్రీ, మీరు లేకుండా కుదరదు" అన్నాడు. రిటైరయ్యాక ఆ పిలుపు వినడం అదే మొదటిసారి. షెడ్డులో రెండు కార్లున్నాయి. రెండూ హాఫ్‌కట్లే. ఒక్కోదానికి ఒక కారు ముందు సగం, మరో కారు వెనక సగం. ఆ సగాలను కలపాలి. పద్ధతిగా చేస్తే అతుకు లోపల ఉక్కు పలక దూర్చి, రెండు వైపులా కరిగించి, చివరికి పరీక్ష చేయాలి. ఒకవైపు సుద్ద పూసి, రెండోవైపు కిరసనాయిలు రాస్తే, అతుకులో వెంట్రుకంత సందు ఉన్నా సుద్ద మీద మరక తేలుతుంది. మిల్లులో ఆ పరీక్ష లేకుండా ఆయన ఒక్క పైపును కూడా వదల్లేదు.

కానీ అప్పటికి ఆయన రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి ఉన్నాయి. కరుగుతున్న ఇనుము తెల్లటి మసకలా కనిపించేది. ఆ మాట తంగరాజుతో అనడానికి నోరు రాలేదు. అంటే మళ్ళీ మేస్త్రీ అని పిలిచేవాడు ఉండడు. "పెళ్ళి ఊరేగింపులకి అద్దెకిచ్చే బండ్లు, ఇరవై స్పీడు దాటవు" అని తంగరాజు చెప్పాడు. గోడ పక్కన దొంతిగా పేర్చిన వెడల్పాటి టైర్లు మసక కళ్ళకు కూడా కనిపించాయి. అయినా అడగలేదు. పలకలు దూర్చలేదు, సుద్ద పూయలేదు. అందిన చోట అంటించి, పైన పుట్టీ పూసి గ్రైండర్‌తో నున్నగా చేశాడు. జీవితమంతా దేవుణ్ణి రుజువు అడిగిన మనిషి తంగరాజును అడగలేదు.

"నాయనా? ఏటి, నచ్చనేదా?"

"బాగుంది," అన్నాడు. తర్వాత, "ఇయ్యాల వద్దు" అన్నాడు.

"ఏటి వద్దు?"

"రేసు. ఆడపిల్లవి. పోలీసులు పట్టుకుంటే పరువు పోతాది."

మేనక ముఖం వాడింది. "ఆడపిల్లనని నువ్వు నన్నెప్పుడన్నా ఆపినావా? పన్నెండేళ్ళకే నా చేతికి గ్యాసు టార్చి ఇచ్చి ఇనుము కోయించినావు. ఇప్పుడు ఆడపిల్లనైపోయినానా?"

"రోడ్డు మంచిది కాదు."

"నిన్ననే సూసొచ్చినాను. గీత గీసినట్టున్నాది."

 నిజం చెబుదామనుకున్నాడు, చెప్పలేకపోయాడు. కూతురి కళ్ళలో ఉన్న ఆ సన్యాసిని చంపుకోవడం కంటే ఏదైనా సులువే అనిపించింది. చుట్టూ చూశాడు. భార్య చేతిలో హారతి పళ్ళెం కనిపించింది.

"సాయంత్రం అయిదింటికి రాహుకాలం," అన్నాడు. "మంచిది కాదు."

 ఇందిర కర్పూరం వెలిగించబోయిన అగ్గిపుల్లను ఆర్పేసింది.

"శనివారం రాహుకాలం పొద్దున్న తొమ్మిదికయ్యా," అంది నెమ్మదిగా. "సాయంత్రం కాదు. నీకేటైనాది?"

"నువ్వా రాహుకాలం మాట్లాడేది?" మేనక గొంతు పెరిగింది. "నా జాతకం సింపి పొయ్యిలో పెట్టినోడివి! ఏటి దాస్తన్నావు నాయనా? ఏడాది పొడుగునా ఎవరి షిఫ్టులోనో, ఎవరి లెక్కలోనో బతుకుతాను. ఈ రేసులో పన్నెండు సెకన్లు నావి. అవీ ఇయ్యవా? ఇయ్యనని మొగం మీద సెప్పు. అబద్ధం మాత్రం ఆడకు."

సన్యాసి లోపలికి వెళ్ళి సుత్తి, ఉలి తెచ్చాడు. కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఉలి మొనను తలుపు కింది పట్టీకి ఆనించాడు.

"నాయనా! రంగు!"

ఒక్క దెబ్బ వేశాడు. అరచేయంత పుట్టీ పెచ్చుగా ఊడి నేల మీద పడింది. రెండో దెబ్బ, మూడో దెబ్బ. లోపల ఇనుము కనిపించింది. రెండు అంచులు ఒకదానికొకటి దూరంగా, అక్కడక్కడ మాత్రం బొట్లు బొట్లుగా అంటుకుని ఉన్నాయి. మధ్యలో ఇంటి తాళంచెవి పట్టేంత సందు ఉంది. నిరుటి కళ్ళకు దొరకని సందు ఆపరేషనయిన కళ్ళకు ఎంతో స్పష్టంగా దొరికింది.

"ఇది నా పనే," అన్నాడు. "అప్పుడు నాకు కళ్ళు కనిపించనేదు. ఆ మాట ఎవరికీ సెప్పనేదు. గట్టిగా తొక్కితే ఇది ఇక్కడ ఇరుగుతాది. నువ్వు ముందు సగంలో ఉంటావు."

మేనక కూడా మోకాళ్ళ మీద కూర్చుంది. సందు వెంట వేలు పెట్టి చూసింది. ఫ్యాక్టరీలో రోజుకు కొన్ని వందల అతుకుల్ని భూతద్దం కింద పరీక్షించే పిల్ల. ఆమెకు వివరించవలసిన అవసరం లేకపోయింది.

"ఎవరు కూకుంటారో అడిగినావా, అప్పుడు?"

"అడగనేదు."

"నేను కొనకుండా ఎవరో కొనుంటే? ఇప్పుడు ఉలి తెచ్చీవోడివా?"

ఆయన ఉలి నేల మీద పెట్టేశాడు. ఇందిర పళ్ళెం గుమ్మంలో దించేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే చతికిలబడింది.

"ఇదొక్కటే కాదు తల్లీ," అన్నాడు సన్యాసి.  "ఇంకోటి సేసినాను. అదే వారంలో."

మేనక లేచింది. ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. ఆమె ఫోను తీసి, తంగరాజు నంబరు నొక్కి, స్పీకరు పెట్టి తండ్రి ముందు పట్టుకుంది.

"పాపా! బండి ఎలా ఉంది? నాన్నకి నచ్చిందా?" నవ్వుతూ పలికాడు తంగరాజు.

"తంగరాజూ, నేను కట్టిన రెండో బండి ఎవరికమ్మినావు?"

అవతల నవ్వు ఆగింది. "ఎందుకు అణ్ణే ఇప్పుడు? అది పోయింది."

"పోవడమంటే?"

"వదిలెయ్యండి. పొద్దున్నే ధర్మం గుర్తొచ్చిందా మీకు? మీ కూలి మీరు తీసుకున్నారు. నేను అడిగానా, మీరు అడిగారా?"

"మామా," అంది మేనక, చాలా మర్యాదగా. "నా బండి తలుపు కింద పుట్టీ ఊడదీసి ఫోటోలు తీస్తన్నాను. పోలీసు రిపోర్టు ఎలాగూ రాస్తాను. ఆ రెండో బండి కొన్నోళ్ళ నంబరు మీరిస్తే, ఇచ్చినారని కూడా రాస్తాను."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినబడింది. తర్వాత తంగరాజు ఒక పేరు, ఒక నంబరు చెప్పాడు. సర్వేశ్. బాగన్ దాతుక్. "ఆ ఇంటికి ఫోను చెయ్యొద్దు అణ్ణే," అన్నాడు చివరికి. అతని గొంతులో మొదటిసారి భయం వినిపించింది.

ఈసారి ఫోను సన్యాసి తన చేతిలోకి తీసుకున్నాడు. ఆరు రింగుల తర్వాత ఒక స్త్రీ పలికింది. తన పేరు విజయరాణి అని, సర్వేశ్ తల్లినని చెప్పింది.

"అమ్మా, మీ అబ్బాయి తంగరాజు దగ్గర కారు కొన్నాడు కదా. దాన్ని నడపొద్దని సెప్పండి."

"ఏ కారండీ?" ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "అది రెండు ముక్కలై మూడు నెలలైనాది. మావోడికి కుడికాలు మోకాలు దాకా తీసేసినారు. ఎవరండీ మీరు?"

మేనక చెయ్యి నోటి మీదికి వెళ్ళింది.  ఫోను పెట్టేయవచ్చు. అవతలి మనిషికి ఆయన ఎవరో తెలియదు. ఎప్పటికీ తెలియకపోవచ్చు.

"నా పేరు సన్యాసి," అన్నాడు. "సుంగై సుమున్. ఆ కారు రెండు సగాల్నీ అతికించింది నేనే. సరిగ్గా అతకనేదు. సరిగ్గా లేదని నాకు తెలుసు."



"మరి మేమంతా వాణ్ణి తిట్టినామండీ," అంది ఆమె. "నీ స్పీడే నీ కాలు తినేసిందన్నాం. వాళ్ళ నాయన వాడితో మాటాడ్డం మానేసినాడు. వాడు మంచం మీంచి రోజూ అదే అడుగుతాడు. 'అమ్మా, ఇంకా మూడో గేరులోనే ఉన్నాను, నేను ఏటి తప్పు సేసినాను?' అని. మేము నమ్మనేదు." ఆమె ఇంటి గుర్తులు చెప్పింది. "మీరు రండి. నన్ను క్షమాపణ అడగొద్దు, నేనివ్వలేను. వాడికి సెప్పండి. వాళ్ళ నాయన ముందు సెప్పండి."

"వస్తన్నానమ్మా," అన్నాడు సన్యాసి.

ఫోను తిరిగిచ్చేటప్పుడు మేనక ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. అప్పుడు ఆయనకు ఏడుపు వచ్చింది. తండ్రి ఏడవడం ఆమె అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"నీ పేరు సూసి కొన్నాను నాయనా," అంది, ఆమె కూడా ఏడుస్తూ. "దానికి నాకు ఇంకా కోపమే. శానా రోజులుంటాది."

"ఉండాలి."

ఇందిర లేచి లోపలికి వెళ్ళి, ఇస్త్రీ చేసిన చొక్కా తెచ్చి భర్త భుజం మీద వేసింది.  బొత్తాలు తనే పెట్టింది.

మేనక ఇంటి పాత కారును బయటికి తీసింది. నల్ల కారు పక్కన పుట్టీ ఊడి, సందు కనబడుతూ ఎక్కడిదక్కడే ఉంది. బాగన్ దాతుక్ రోడ్డు రెండు వైపులా ఆకుపచ్చని పామాయిల్ తోటల మధ్య తిన్నగా సాగిపోతోంది. ఇరవై నిమిషాలు ప్రయాణించారు. ఒక ఇంటి ముందు, గుమ్మం మెట్లకు చక్రాల కుర్చీ కోసం కొత్తగా చెక్క వాలుబల్ల అమర్చిన చోట, మేనక కారు ఆపింది.

"నేనూ లోనికొస్తాను," అంది. "కానీ సెప్పేది నువ్వే."

"నేనే," అన్నాడు సన్యాసి. తలుపు తీసుకుని దిగాడు.