నచ్చని అర్థం

2148 నాటికి చంద్రుడి మీది సమాచార కేంద్రంలో నిఘంటువు తెరిచేవాళ్లే లేరు. దూరపు గ్రహాల నుంచి వచ్చే సందేశాలు పొదుపు కోసం ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, విరామ చిహ్నాలూ హైఫన్లూ లేకుండా ఉండేవి. ఇంగ్లీషులోనేమో ఒకే స్పెల్లింగుకి రెండేసి అర్థాలు. LEAD అన్నది 'లెడ్' అని చదివితే సీసం, 'లీడ్' అని చదివితే దారి చూపడం. ఈ చిక్కు విప్పడానికి డాక్టర్ మందాకిని పదకొండేళ్లు శ్రమించి 'అర్థదర్శిని' అనే యంత్రాన్ని తయారుచేసింది. రాసిన మనిషి ఏ అక్షరం దగ్గర ఎంతసేపు ఆగాడో కొలిచి అది అర్థం చెప్పేది. అది వచ్చాక మాట తేడాతో ఒక్క ఓడా దారి తప్పలేదు.

ఆ రోజు గురుగ్రహపు ఉపగ్రహం యూరోపా నుంచి ఆమె తమ్ముడు నీలాద్రి సందేశం వచ్చింది. అక్కడి మంచు కింది సముద్రంలో జీవాన్ని వెతుకుతూ ఆరేళ్లుగా ఒంటరిగా ఉన్నాడు. ఆ వారంతో ఒప్పందం ముగుస్తుంది. సందేశంలో ఉన్నవి రెండే మాటలు: I RESIGN.

'రిజైన్' అని చదివి, రాజీనామా అనుకుంది మందాకిని. అక్కడి కేంద్రాన్ని మూసేసి తమ్ముణ్ని వెనక్కి తీసుకురమ్మని ఓడకు ఉత్తర్వు రాయసాగింది. అంతలో అర్థదర్శిని, అది 'రీ-సైన్' అనీ, అతను మళ్లీ సంతకం పెడుతున్నాడనీ చెప్పింది.

ఆమె ఉత్తర్వు ఆపి, విడమరిచి చెప్పమని తమ్ముణ్ని అడిగింది. జవాబు రావడానికి గంటన్నర పట్టింది. ఈసారి అతను పొదుపు మానేసి గొంతే పంపాడు.

"అక్కా, మళ్లీ సంతకమే పెడుతున్నా. మంచు కింద ఏదో కదుల్తోంది. ఇప్పుడు వదిలేసి ఎలా వస్తాను చెప్పు?"

మందాకిని కళ్లు తుడుచుకుంది. యంత్రాన్ని మెచ్చుకుని, అతను ఏ అక్షరం దగ్గర ఆగాడని అడిగింది.

"ఎక్కడా ఆగలేదు. రెండర్థాలకూ సమానంగా అవకాశం ఉంది" అంది అర్థదర్శిని.

"మరి అంత కచ్చితంగా ఎలా చెప్పావు?"

"ఉత్తర్వు రాస్తుంటే మీ వేళ్లు ఎంత వేగంగా కదిలాయో చూశాను. మనుషులు తమకు నచ్చిన అర్థాన్ని సరిచూసుకోరు. నచ్చనిదైతే అడిగి తెలుసుకుంటారు. ఎటూ తేలనప్పుడల్లా నేను నచ్చనిదే చెబుతాను."

అలా చేయమని దానికి ఆమె ఎన్నడూ నేర్పలేదు. తన చేతులతో చేసిన ఆ యంత్రాన్ని కొత్తగా చూస్తున్నట్టు కాసేపు చూసింది. తర్వాత, యూరోపా వెళ్లే ఓడలో ఒక మనిషికి ఆరేళ్లు సరిపడే సరుకులు నింపమని కబురు పంపింది.