ఎడమ పక్క పైమూల

నాకొక జబ్బుంది. కంప్యూటర్ ముందు కూర్చుంటే చేతులు ఊరుకోవు. నేను వాడే లినక్స్ సాఫ్ట్‌వేర్‌లో అంతా మన ఇష్టం కదా. గుర్తులన్నీ వరసగా ఉండే పట్టీని, అదే ప్యానెల్‌ని, పైన పెట్టుకోవచ్చు, పక్కన పెట్టుకోవచ్చు, అసలు కనపడకుండా దాచెయ్యొచ్చు. ఐకాన్లు, రంగులు, అక్షరాల సైజు... వారానికోసారైనా వీటిని మార్చకపోతే నాకు తిన్నది అరగదు. మా అక్క నన్ను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేసి, "రంగులరాట్నం" అనడం మొదలుపెట్టింది.

అక్క విషయంలో మాత్రం ఆ జబ్బు పనికొచ్చింది. నలభై దాటేసరికి ఆమె చూపు ముప్పాతిక వంతు పోయింది. వేలితో తాకితే పనిచేసే పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి ఆమెకోసమే సిద్ధం చేశాను. నల్లటి తెర మీద పసుపు అక్షరాలు, ఒక్కొక్కటి వేలెడంత. ప్యానెల్ ఎడమ పక్కన నిలువుగా ఉండేది. దానిలో అన్నిటికంటే పైన, సరిగ్గా మూలలో, ఒక ఎర్ర గుర్తు పెట్టాను. అది ముట్టుకుంటే చాలు, నెట్ మీదుగా బావ సెల్‌ఫోన్ మోగుతుంది. అక్కకి ఉబ్బసం. ఊపిరాడనప్పుడు ఫోన్ వెతుక్కుని నంబరు నొక్కే ఓపిక ఉండదు.

బావ టైలరు. ఆ మూల అక్క చేతికి తెలియాలని తెర చట్రం మీద ఒక కోటు బొత్తాం అంటించాడు. తడుముకుంటూ చెయ్యి చాపితే ముందు బొత్తాం తగిలేది, దాని కిందే ఎర్ర గుర్తు. దుకాణం కొలతలన్నీ అక్కే ఆ కంప్యూటర్‌లో రాసిపెట్టేది.

"మీ బావకి నడుం కొలత చెబితే ఛాతీకి రాసుకుంటాడురా. నేను లేకపోతే ఇక అందరికీ వదులు చొక్కాలే" అని నవ్వేది. తర్వాత ప్రతిసారీ ఒక మాట అనేది. "ఏం మార్చుకుంటావో మార్చుకో. నా మూల జోలికి మాత్రం రాకు."

నేను ఆ జోలికే వెళ్లాను.

మా లినక్స్ గ్రూపులో వారం వారం ఒక పోటీ ఉండేది, ఎవరి డెస్క్‌టాప్, అంటే తెర మీది అలంకరణ, అందంగా ఉందో చూద్దామని. ఆ వారం పాత కంప్యూటర్లకు మాత్రమే. నా దగ్గరున్నవన్నీ కొత్తవి. మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్లాను. ఆమె లోపలి గదిలో పడుకుని ఉంది. పది నిమిషాల పనే కదా అనుకున్నాను. ఆమె అమరిక అంతా ఒక ఫైల్లో దాచిపెట్టి, ఆ నలుపూ పసుపూ తీసేశాను. పొగమంచు కమ్మిన చెరువు బొమ్మ వేశాను. తెర మీద ఒక్క గుర్తు కూడా లేకుండా తుడిచేశాను. ప్యానెల్‌ని సన్నగా చేసి కిందికి, మధ్యకి మార్చి దాచేశాను. అక్కడ వేలు పెడితే తప్ప పైకి రాదు. స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టాను. అంతలో ఆఫీసు నుంచి ఫోన్, సర్వర్ పడిపోయిందని. పరుగెత్తాను. దారంతా "అదిరింది గురూ" అన్న మెచ్చుకోళ్లు చదువుకుంటూనే ఉన్నాను. పాత అమరిక తిరిగి పెట్టలేదన్న సంగతి బుర్రలోకే రాలేదు.

సాయంత్రం ఆరింటికి బావ నుంచి ఫోన్ వచ్చింది. నేను వెళ్లేసరికి అక్క ఆ కంప్యూటర్ ముందు కుర్చీలోనే ఉంది. మెడ ఒక పక్కకి వాలిపోయింది. బావ హాల్లో డాక్టరుతో మాట్లాడుతున్నాడు. గదంతా నీలగిరి తైలం వాసన. ఆయాసం వస్తే అక్క గుండెలకి రాసుకునేది.

తెర మీద నా చెరువు బొమ్మ. ఎడమ పక్క పైమూలలో, బొత్తాం కింద, జిడ్డు వేలిముద్రలు. ఒకటి కాదు, రెండు కాదు. ఒకదాని మీద ఒకటి... ఒకదాని మీద ఒకటి... ఆ మూలంతా మసకబారిపోయేలా.

అప్పుడు నేను చేసిన పని మూడు నెలలుగా ఎవరికీ చెప్పలేదు. బల్ల మీద నీలం లైనింగ్ గుడ్డ ముక్క ఒకటి ఉంది. దానితో తెర శుభ్రంగా తుడిచాను. అక్క అమరిక తిరిగి పెట్టాను. గుడ్డని చెత్తబుట్టలో పడేశాను. అక్కని అలా వదిలేసి ముందు ఆ పని చేశాను.

బావ లోపలికొచ్చి, వెలుగుతున్న ఎర్ర గుర్తుని చూశాడు. "నొక్కే ఉంటుంది కదరా? నాకెందుకు రాలేదు?"

"వచ్చే ఉంటుంది బావా. మిషన్ చప్పుడులో వినపడి ఉండదు."

"ఫోన్లో ఏమీ లేదే..."

"నెట్ కాల్స్ ఒక్కోసారి పడవు బావా."

ఆ రోజు నుంచి బావ మిషన్ మీద కాలు పెట్టలేదు. ఫోన్ ఒళ్లో పెట్టుకుని చేత్తోనే కుడుతున్నాడు. గిరాకీలు సగం పోయాయి. నాకు అన్నీ తెలుసు. వెళ్లి కూర్చుంటాను, టీ తాగుతాను, లేచి వచ్చేస్తాను.

కంప్యూటర్ మాత్రం నాకే ఇచ్చేశాడు. "నేను చూడలేనురా" అన్నాడు. దుప్పటి కప్పి నా గదిలో పెట్టుకున్నాను. నిన్న సెలవు. మధ్యాహ్నం ఒకటే వాన. దాన్ని పూర్తిగా చెరిపేసి కొత్తగా లినక్స్ ఎక్కించేస్తే నా పాపం కూడా చెరిగిపోతుందనిపించింది కాబోలు. నెట్ వైరు పెట్టలేదు. డిస్క్ మొత్తం ఖాళీ చేశాను. గంటలో కొత్త డెస్క్‌టాప్ వచ్చింది. ఎవరూ ముట్టుకోని బూడిదరంగు తెర. హమ్మయ్య అనుకున్నాను.

మంచినీళ్లు తాగి వచ్చేసరికి తెర మీద చెరువు బొమ్మ ఉంది.

పొగమంచు. ఒక్క గుర్తూ లేదు. ప్యానెల్ లేదు. ఆ బొమ్మ ఆ డిస్క్‌లో ఉండే వీలే లేదు. నా చేతులతోనే చెరిపాను.

వాన చప్పుడు తగ్గింది. ఇంకో చప్పుడు వినిపించింది. సన్నగా ఈల వేసినట్టు... ఊపిరి. లోపలికి... బయటికి... కష్టంగా. తర్వాత వాసన వచ్చింది. నీలగిరి తైలం.

పైమూలలో, బొత్తాం కింద, ఒక వేలిముద్ర పడింది.

నేను కదల్లేదు. ఇంకోటి పడింది. అక్కడే. ఇంకోటి... టప్. టప్. టప్. ఆ రోజు నేను లేనప్పుడు జరిగిందంతా ఇప్పుడు నా కళ్ల ముందు జరుగుతోంది. ముద్రలు ఎడమ అంచు వెంబడి కిందికి దిగాయి, మళ్లీ పైకి వెళ్లాయి. వెతుకుతున్నాయి. ఊపిరి చప్పుడు ఇంకా సన్నబడింది.

భయం వేసింది. కానీ అంతకంటే ఎక్కువ సిగ్గు వేసింది. చూస్తూ ఊరుకోలేకపోయాను.

"అక్కా," అన్నాను గొంతు తగ్గించి. "అక్కడ లేదక్కా. కింద... మధ్యలో."

ముద్రలు ఆగిపోయాయి.

చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత ఒకటి... కొంచెం కింద. ఇంకోటి... ఇంకా కింద. చివరి అంచు దాకా వచ్చి, మెల్లగా పక్కకి జరిగి, మధ్యలో ఆగింది. ప్యానెల్ పైకి లేచింది. అందులో ఎర్ర గుర్తు. దాని మీద ఒక ముద్ర పడింది. ఊపిరి చప్పుడు టక్కున ఆగిపోయింది.

నా ఫోన్ మోగింది. బావ. దుకాణంలో గోడకున్న ఫోన్ నుంచి.

"ఒరే..." ఆయన గొంతు వణుకుతోంది. "నా సెల్లుకి ఫోన్ వచ్చిందిరా. మీ అక్క ఫొటో పడింది. ఎత్తాను. ఇంకా లైన్లోనే ఉంది."

నా దగ్గర నెట్ వైరు బల్ల మీద చుట్టచుట్టి ఉంది.

"పెట్టెయ్ బావా. ఏదో తప్పు..."

"మాట్లాడుతోందిరా." ఫోన్లో బావ ఊపిరి వినిపిస్తోంది. దాని వెనకాల ఇంకొకటి, సన్నగా, ఈల వేసినట్టు. "ప్యానెల్ కిందికి ఎందుకు మార్చావని అడుగుతోంది. ప్యానెల్ అంటే ఏంట్రా?"

తెర వైపు తిరిగాను.

"రంగులరాట్నాన్నే అడగమంటోంది," అన్నాడు బావ. ఈసారి ఆయన గొంతు వణకలేదు. "ఇంకోటి కూడా అడుగుతోందిరా. ఆ రోజు తెర తుడిచింది ఎవరని."

చెప్పాలి. ఇప్పుడైనా చెప్పాలి. చెమట తుడుచుకుందామని చెయ్యి పైకెత్తాను.

పిడికిట్లో ఏదో తడిగా ఉంది. నీలం లైనింగ్ గుడ్డ.