మూడో అంతస్తులో పేరు పెట్టి పిలవొద్దు

ఇక్కడే కువైట్‌లో, సాల్మియాలో, సముద్రం వైపు పోయే సందులో, బేకరీ వెనక ఒక పాత బిల్డింగు ఉంది. దాని మూడో అంతస్తులో ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి పిలవరు. అక్కడి వాచ్‌మన్, ఈజిప్టు ముసలాయన, కొత్తగా దిగినవాళ్ళకు తాళంచెవి ఇస్తూ ఇదొక్కటే చెప్తాడట — "కావాలంటే చప్పట్లు కొట్టండి. పేరు మాత్రం వద్దు. మీరు పిలిచినవాళ్ళు కాక... ఇంకెవరో పలుకుతారు."

గోవిందా! ఆ గుమ్మం దగ్గరున్న తల్లీ, లోపలికి జరుగమ్మా. భజన అయింది, ప్రసాదం అందరికీ ఉంది. హారతి కళ్ళకద్దుకున్నారు, ఇంక భయమెందుకు? నేను చూసింది కొంచెం, పెంచల్ నోట విన్నది ఎక్కువ. ఒంటిమిట్ట రామయ్య మీద ఆన, నా సొంతం ఒక్క ముక్క కలపను.

పెంచల్ మా రాజంపేట పక్కోడు. ఊళ్ళో దస్తావేజులు రాసే ఆయన దగ్గర ఎనిమిదేళ్ళు పనిచేసినాడు. తెలుగైనా ఇంగ్లీషైనా, ఎంత గొలుసుకట్టు రాతైనా గడగడా చదివేస్తాడు. ఆ విద్యే వాణ్ణి మూడో అంతస్తు ఎక్కించింది.

అక్కడ ట్రెవీన్ సారని ఒక తెల్లాయన ఉండేవాడు. ఆయిల్ కంపెనీలో చేసి చేసి ముసలివాడై, కళ్ళకు మసక కమ్మింది. ఆయన తాతముత్తాతలది కార్న్‌వాల్ అట. ఇంగ్లండులో సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఒక మూల, తగరం గనుల సీమ. అక్కడి చర్చిలో బాప్తిస్మం ఇచ్చిన ప్రతి బిడ్డ పేరూ పుస్తకంలో రాసిపెడతారు. రెండొందల ఏళ్ళనాటి ఆ పుటలన్నీ కంప్యూటర్లో తెరిచి, పెంచల్ చేత చదివించుకొని వంశం వెతుక్కునేవాడు. వంట, కారు, చదువు — మూడూ పెంచల్ పనే.

వింత ఏమిటంటే, సారు పేరు జాన్. సంగతి తెలియనివాళ్ళెవరైనా గుమ్మంలో "జాన్!" అని అరిస్తే తల తిప్పడు. చెవుడేమో అనుకున్నాడు పెంచల్. కానీ వంటింట్లో చెంచా జారితే చాలు... "ఏం పడింది?" అని అక్కడినుంచే అరిచేవాడు.

సరే. పెంచల్ కడుపులో ఒక మంట ఉంది. మొదటి బిడ్డ లాస్య, వీడు కువైట్‌కు వచ్చినాక పుట్టింది. తొమ్మిదో నెలలో జ్వరమొచ్చి పోయింది. అప్పటి కఫీల్, వీసా ఇచ్చిన సేటు, పాస్‌పోర్టు ఇవ్వలేదు. బిడ్డను ఫోన్లోనే చూసినాడు. "లాస్యా" అంటే చాలు, నేలమీద అరచేతులు టప్ టప్‌మని కొట్టుకుంటూ, పాక్కుంటూ ఫోన్ దగ్గరికి వచ్చేది. అంతే వాడికి మిగిలింది.

రెండేళ్ళకు మళ్ళీ ఆడబిడ్డ పుట్టింది. పెంచల్ వాళ్ళమ్మ సంజీవమ్మ ఆచారం వదల్లేదు. పదకొండోనాడు బిడ్డను పుల్లాకుల్లో పొర్లించింది. ఎంగిలి విస్తరాకులమ్మా, తిని పారేసినవి. "పుల్లమ్మ అని పెడదాం నాయనా. ఎంగిలిదని చావు ముట్టుకోదు."

నా పేరు చూడండి — పుల్లయ్య. నాకు ముందు ముగ్గురు పోయినారు. చావు నన్ను చూసి ముక్కు మూసుకొని పోయింది! నవ్వండి, నవ్వండి. మా అమ్మ తెలివికి దండం పెట్టి నవ్వండి.

పెంచల్‌కు మాత్రం నచ్చలేదు. "ఇస్కూల్లో నగుతారు మామా," అన్నాడు నాతో.

ఆ వారమే, చదువుతూ చదువుతూ ఆగిపోయినాడు. "సార్, ఇక్కడ తప్పు రాసినారు. తల్లీ తండ్రీ వాళ్ళే. జాన్. రెండేళ్ళకు మళ్ళీ జాన్. ఇంకో రెండేళ్ళకు... మళ్ళీ జాన్."

"తప్పు కాదు. చనిపోయినవాళ్ళ పుస్తకం తెరువు."

తెరిచినాడు. మొదటి జాన్, పదకొండు నెలలు. రెండో జాన్, ఏడాదిన్నర.

"మూడోవాడు ఎనభై ఏళ్ళు బతికాడు. మా ముత్తాత," అని ముసలాయన నవ్వాడు. "చచ్చినవాడికి పేరెందుకు? పెద్దోడు విడిచిన చొక్కా చిన్నోడికి తొడగమూ? నువ్వు చెప్పావుగా, మీవాళ్ళు పిల్లల్ని ఎంగిలాకుల్లో పొర్లించి చావుకు భయపడతారు. మేం పేరు వదలం. ఇంట్లో ఎవరో ఒకరు దాన్ని మోసేదాకా పెడుతూనే ఉంటాం. నీ చిన్నదానికి పోయినదాని పేరే పెట్టు. ఇక్కడినుంచే, గట్టిగా పిలువు. పోయింది తిరిగొస్తుంది."

తిరిగొస్తుంది. ఆ ఒక్క మాట పెంచల్ గుండెలో దిగిపోయింది.

ఇరవై ఒకటోనాడు పేరు. మనూళ్ళో పొద్దున ఏడింటికి ముహూర్తం, ఇక్కడ నాలుగున్నర. చలికాలం, కటిక చీకటి. హాల్లో సోఫా మీద ఫోన్ నిలబెట్టి నేలమీద కూర్చున్నాడు. తెరలో పళ్ళెం, బియ్యం, ఉంగరం. భార్య చిట్టి ఒళ్ళో బిడ్డ నిద్రపోతా ఉంది.

"వద్దు నాయనా," సంజీవమ్మ తెరకు అడ్డమొచ్చింది. "పోయిందాని పేరు పెడితే, పోయింది తిరిగి చూస్తాది."

"చూడనీ! నేను దాన్ని కండ్లారా చూడలేదుమా. పేరన్నా నోరారా పిలుచుకోనీ."

"ఆయన ఇష్టం అత్తా..." అంది చిట్టి.

పెంచల్ ఫోన్ దగ్గరికి వంగి పిలిచినాడు.

"లాస్యా."

బిడ్డ కదల్లేదు.

"లాస్యా!"

బిడ్డ కళ్ళు తెరిచింది. కానీ తండ్రి వైపు కాదు... ఎటో చూసింది.

"లాస్యా తల్లీ..."

టప్.

ఫోన్లో కాదు. వెనక. నడవాలో.

టప్... టప్. చల్లటి టైల్స్ మీద, చిన్న చిన్న అరచేతులు.

పెంచల్ తిరగబోయినాడు. అప్పుడు నడవా చీకట్లోనుంచి ముసలాయన గొంతు, గుసగుసగా — "చూడకు. పోయినవాళ్ళ పేరు పిలిస్తే వాళ్ళే పలుకుతారు. నేను డెబ్బై ఏళ్ళుగా తిరిగి చూడలేదు."

"ఎవరు సార్... అది ఎవరు?"

"మావాళ్ళు ఇద్దరే, ఆ పోయిన జాన్‌లు. ఏ దేశం పోయినా వెంటే ఉన్నారు. ఆడుకోడానికి ఒక పాప కావాలని ఒకటే గోల..."

ముసలాయన సన్నగా నవ్వాడు.

"ఇప్పుడు ముగ్గురయ్యారు. ఇక వాళ్ళు నీ వెంట వస్తారులే."

పెంచల్ చూశాడో లేదో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ నెలలోనే ముసలాయన ఇల్లు ఖాళీ చేసి, హాయిగా ఈలేసుకుంటూ విమానమెక్కినాడట. పెంచల్‌ను నేనే తీసుకొచ్చి నా గదిలో పెట్టుకున్నా.

బిడ్డ బాగుందమ్మా, ఏడవకండి. ఇప్పుడు రెండేళ్ళు. సంజీవమ్మ గట్టిది. ఆ తెల్లవారి ఫోన్ కలపకముందే, బిడ్డ చెవిలో మూడుసార్లు "పుల్లమ్మా" అని ఊదేసింది! చావు ముట్టలేదు. దేవుడు మా ఎంగిలిని మన్నించినాడు.

ఒకటే... "లాస్యా" అంటే ఆ బిడ్డ పలకదు. చెవులు చూపించినారు, బాగున్నాయి. తండ్రికేమో "పుల్లమ్మా" అనడానికి నోరు రాదు. కూతురు బతికున్నా, వాడి పిలుపుకు తిరగదు.

పోయిన శుక్రవారం ఇక్కడే, భజన అయినాక ఫోన్ కలిపినాం. నేను "పుల్లమ్మా!" అన్నా. తెరలో ఆ బంగారుతల్లి చేతిలో బొరుగులు పారేసి, నవ్వుతా నా వైపు పరిగెత్తింది.

"నువ్వూ పిలువు రా," అన్నా పెంచల్‌తో. "అమ్మ పెట్టిన పేరుతో పిలువు. ఒక్కసారి."

వాడు పెదవులు కదిలించినాడు. నేను రామయ్యకు దండం పెట్టుకున్నా.

"లాస్యా," అన్నాడు.

తెరలో బిడ్డ బొరుగులు ఏరుకుంటా ఉంది. తల కూడా ఎత్తలేదు.

ఇదిగో, మీరు కూర్చున్నారే ఆ చాప అంచున... అప్పుడు ఎవరూ లేరక్కడ... టప్... టప్...

పెంచల్ ఫోన్ నా చేతిలో పెట్టేసినాడు. వెనక్కి తిరిగి, నేలకు వంగి, రెండు చేతులూ చాపినాడు.