సగం వాల్ట్జ్ వద్దు

"ఆ పాట మార్చెయ్," అంది నివెస్.

"మార్చను," అన్నాడు లెయార్కో, జూక్‌బాక్స్ వెనకనుంచి తలైనా ఎత్తకుండా.

దెర్నా నడిపే బార్ వెనక డాన్సుల తోట మూతబడి చాలా ఏళ్ళయింది. నేల మీద పరిచిన నాపరాళ్ళ సందుల్లో గడ్డి మొలిచింది, జూక్‌బాక్స్ కోళ్ళ షెడ్డులోకి చేరింది. ఈ ఆగస్టులో తోట మళ్ళీ తెరుస్తున్నామని దెర్నా ప్రకటించేసరికి ఊళ్ళో అరవై దాటినవాళ్ళందరికీ ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. స్కూటర్ల మెకానిక్‌గా రిటైరైన లెయార్కో తన పనిముట్ల పెట్టెతో దిగిపోయాడు. క్షౌరశాల నడిపే నివెస్, ఎవరూ పిలవకుండానే, రంగు బల్బుల తీగలు కట్టడానికి నిచ్చెన ఎక్కింది.

"పొద్దున్నుంచీ అదొక్కటే వేస్తున్నావు. చెవులు పోతున్నాయి."

"నీకు ఇష్టమైన పాటేగా. లెమన్ సోడాలో రెండు స్ట్రాలు వేసుకుని దీనికోసం లైన్లో నిలబడేదానివి."

నివెస్ చేతిలో బల్బు ఆగిపోయింది. "ఆ రెండో స్ట్రా దెర్నాది. అయినా నేనేం తాగానో నీకెలా తెలుసు? నువ్వు నా వంక చూసిందెప్పుడు?"

"చూడకపోతే రెండు స్ట్రాలని ఎలా తెలుస్తుంది?"

నిచ్చెన దిగి వచ్చింది నివెస్. ఇన్నేళ్ళుగా ఈ మనిషితో ఆమె మాట్లాడినవి రెండే మాటలు: బాగున్నావా, బాగున్నాను. ఊరు చిన్నది కాబట్టి ఆ రెండూ తప్పలేదు. లోపల మాత్రం పద్దెనిమిదో ఏట మింగిన కోపం అరక్కుండా అలాగే ఉంది. ఇవాళ అది బయటికి రావాలని నిశ్చయించుకున్నట్టుంది.

"చీపురు డాన్సు గుర్తుందా?" అంది.

గుర్తులేకపోవడం ఏమిటి. అందరూ జంటలుగా తిరుగుతుంటారు, ఒక్క మగాడికి మాత్రం జంట దొరకదు, పొడుగు కర్ర చీపురుతో తిరుగుతాడు. తనకి నచ్చిన జంట దగ్గరికెళ్ళి చీపురు అందులోని మగాడి చేతిలో పెట్టి అమ్మాయిని తీసుకుపోతాడు. ఇప్పుడు చీపురు పట్టినవాడు ఇంకో జంట మీద పడతాడు. ఆ ఊళ్ళో పెళ్ళిళ్ళు సగం ఆ చీపురు కుదిర్చినవే.

"ఆ రోజు చీపురు నీ చేతిలో ఉంది," అంది నివెస్. "నేను ఎలియోతో తిరుగుతున్నాను. నువ్వు తిన్నగా నా వైపే నడిచొచ్చావు. అందరూ చూస్తున్నారు. మా అమ్మ కుర్చీ అంచుకి జరిగి మరీ చూస్తోంది. దగ్గరికొచ్చి, పక్కకి తిరిగి, దెర్నాని తీసుకుపోయావు. నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

లెయార్కో స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"చీపురిచ్చి నిన్ను తీసుకుంటే ఎంతసేపుండేదానివి? నిమిషం తిరక్కుండానే ఎలియో ఆ చీపురు నా చేతికే తగిలించి నిన్ను మళ్ళీ లాక్కునేవాడు. సగం వాల్ట్జ్ నాకొద్దనుకున్నాను నివెస్. చీపురాట అయ్యాక వచ్చే మామూలు వాల్ట్జ్‌కి నిన్నడిగి, పాట మొత్తం నీతోనే ఉండాలనుకున్నాను. తీరా చూస్తే నువ్వు లేవు. ఎలియో నిన్ను స్కూటర్ మీద ఐస్‌క్రీముకి తీసుకెళ్ళాడట."

"ఏడుస్తున్నానని తీసుకెళ్ళాడు."

ఎలియోని పెళ్ళాడింది. మంచివాడు, నవ్వించేవాడు, పోయి ఆరేళ్ళయింది. అతనితో గడిపిన జీవితం మీద ఆమెకి ఏ ఫిర్యాదూ లేదు. అయినా ఇప్పుడు, కోళ్ళ వాసన ఇంకా వదలని ఆ జూక్‌బాక్స్ ముందు, ఆమె గుండె పద్దెనిమిదేళ్ళ పిల్ల గుండెలాగే కొట్టుకుంది. దానికి ఆమె ఏమీ సిగ్గుపడలేదు.

"ఈ మాట అప్పుడే చెప్పి ఉంటే ఏం పోయేది?"

"నువ్వు పెళ్ళి కార్డు పంపించావు. దానికి జవాబుగా ఇది రాయమంటావా?"

నివెస్ నవ్వేసింది. "సరే. శనివారం తోట తెరిచినప్పుడు పాట మొత్తం నాతో డాన్సు చెయ్యి. ఒక్క అడుగు తగ్గినా ఊరుకోను."

ఆ వారమంతా వాళ్ళిద్దరూ తోటలోనే ఉన్నారు. గడ్డి పీకారు, పాటల గురించి పోట్లాడుకున్నారు, ఒక రొట్టెని ఇద్దరూ తుంచుకు తిన్నారు. కబురు ఊరంతా పాకి, తప్పకుండా, బ్యాంకులో గుమాస్తాగా ఉన్న నివెస్ కూతురు కాత్యా చెవిలో పడింది.

శుక్రవారం సాయంత్రం కాత్యా వంటింట్లోకి వచ్చేటప్పటికి నివెస్ కప్పెల్లెత్తి చేస్తోంది. పిండిని చిన్న టోపీల్లా మడిచి, మధ్యలో చీజ్ కూరి, ఆదివారం సూప్‌లో వేస్తారు. వాటిని టమాటా సాసుతో తినేవాళ్ళని నివెస్ మనుషుల్లో లెక్కెయ్యదు. కూతురు లేకుండా ఆ ఇంట్లో ఆదివారం ఎన్నడూ గడవలేదు.

"అమ్మా, బ్యాంకులో ముగ్గురు నన్ను అడిగారు. మీ అమ్మకి పెళ్ళెప్పుడని."

"నువ్వేమన్నావు?"

"నవ్వొస్తోందా? నాన్న ఫోటో అక్కడే ఉంది."

"మీ నాన్న ఆ ఫోటోలో డాన్సు చేస్తున్నాడు, సరిగ్గా చూడు."

కాత్యా చూడలేదు. "ఈ వయసులో నడుం మీద చెయ్యి వేయించుకుని ఊరందరి ముందు తిరుగుతావా? టీవీ ఉంది, కావలసిన పాటలన్నీ నీ ఫోన్లో ఎక్కించాను. ఇంట్లో కూర్చుని వినొచ్చు కదా."

"కూర్చుని వినే పాటలు కావే అవి."

"నేను ముందే చెప్తున్నాను. ఆయనతో డాన్సు చేశావా, ఆదివారం భోజనానికి నేను రాను."

ఆ మాట నివెస్‌కి తగిలింది, బాగా తగిలింది. ఆమెకి ఉన్నది ఈ ఒక్క కూతురే. కానీ యవ్వనంలో అమ్మ మాట విని సగం ఆటలు మానుకుంది, ఇప్పుడు కూతురు మాట విని మిగతా సగం మానుకోవాలా?

"నీకోసం గిన్నె పెడతాను," అంది. "రావడం మానడం నీ ఇష్టం. డాన్సు నా ఇష్టం."

శనివారం సాయంత్రం బల్బులు వెలిగాయి. మూడు వైపులా కుర్చీలు, రేకుల కప్పు కింద ముగ్గురు వాద్యగాళ్ళు, అకార్డియన్ పట్టుకుని గాస్తోనె. పడమటి వైపు మబ్బు పట్టి, వద్దామా వద్దా అని తచ్చాడుతోంది.

ఒకప్పుడు తల్లులు కూర్చుని కూతుళ్ళని కాపలా కాసిన కుర్చీల వరసలో ఇప్పుడు కాత్యా కూర్చుంది. ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్, బిగించిన పెదాలు. అచ్చం అమ్మమ్మే.

లెయార్కో ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. నివెస్ వైపు చూశాడు, కాత్యా వైపు చూశాడు. మొదటి వాల్ట్జ్ అయిపోయింది, అతను రాలేదు. పోల్కా అయిపోయింది, రాలేదు.

"ఏమే, మీవాడికి కాళ్ళు పడిపోయాయా?" అంది దెర్నా.

"కాళ్ళు కాదు, నోరు పడిపోయింది," అంది నివెస్. మంటగా ఉంది ఆమెకి. వారం రోజులు కబుర్లు చెప్పిన మనిషి ఒక బ్యాంకు గుమాస్తా చూపుకి బెదిరిపోవడమేమిటి?

"చీపురు డాన్సు," అని అరిచాడు గాస్తోనె.

నివెస్ దెర్నాతో జంట కట్టింది. మగాళ్ళు తక్కువైన ఊళ్ళో అది మామూలే. నాలుగు చేతులు మారి చీపురు చివరికి లెయార్కో చేతికే చేరింది. అతను తిన్నగా నివెస్ వైపే నడిచొచ్చాడు. దగ్గరికొచ్చాడు. కాత్యా వైపు ఒక్కసారి చూసి, పక్కకి తిరిగాడు.

ఒక మనిషి జీవితంలో ఇలాంటిది ఒక్కసారి జరిగితే చాలు. రెండోసారి జరగనివ్వడానికి నివెస్ సిద్ధంగా లేదు. దెర్నాని వదిలేసి వెళ్ళి అతని చేతిలోంచి చీపురు లాక్కుంది.

"ఆడవాళ్ళు చీపురు పట్టకూడదు," అని ఎవరో గొణిగారు.

"ఇంట్లో పట్టొచ్చు గానీ ఇక్కడ పట్టకూడదా?" అంది నివెస్.

"మీ అమ్మాయి బాధపడుతుందని..." అన్నాడు లెయార్కో.

"దాని సంగతి నేను చూసుకుంటాను. నీ సంగతి చెప్పు. సగం వాల్ట్జ్ కావాలా, మొత్తం కావాలా?"

"మొత్తం."

నివెస్ గబగబా నడిచి కాత్యా ముందు నిలబడి చీపురు ఆమె చేతిలో పెట్టింది. "ఇది నీ దగ్గర ఉంచు. నీ చేతిలో ఉన్నంతసేపూ మమ్మల్నెవరూ విడదీయలేరు. విడదీయాలనుంటే నువ్వే వచ్చి విడదియ్యి."

కాత్యా హ్యాండ్‌బ్యాగ్ మోచేతికి తగిలించుకుని, చీపురుని రెండు చేతులా పట్టుకుంది.

గాస్తోనె సాయంత్రమంతా దాచుకున్న వాల్ట్జ్ అందుకున్నాడు. లెయార్కో చెయ్యి నివెస్ నడుం మీద పడింది. ఆమె చెయ్యి అతని భుజం మీదికి చేరింది.

"అడుగు తప్పుతున్నావు," అంది నివెస్.

"నువ్వే లాగుతున్నావు."

"మరి లాగకపోతే నువ్వు కదుల్తావా?"

అప్పుడు పడింది వాన. జల్లు కాదు, కుండపోత. జంటలన్నీ రేకుల కిందకి పరుగెత్తాయి. దెర్నా కుర్చీలు లాగేస్తూ, "లోపలికి రండి, జలుబు చేస్తుంది," అని కేకలు పెట్టింది.

"గాస్తోనె, ఆపావంటే నీకు జన్మలో క్షవరం చెయ్యను," అంది నివెస్ తిరుగుతూనే.

గాస్తోనె ఆపలేదు. ఖాళీ నేల మీద వాళ్ళిద్దరే మిగిలారు. ఆమె జుట్టుకి వేసిన రంగు కారుతోంది, అతని ఇస్త్రీ చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఇద్దరూ పిల్లల్లా నవ్వుతున్నారు. తడి రాతి మీద నివెస్ కాలు సర్రున జారింది. లెయార్కో పట్టుకున్నాడు.

రేకుల కిందనుంచి కాత్యా బయటికి వచ్చింది, చీపురుతో. తిన్నగా వాళ్ళ వైపే.

నివెస్ లెయార్కో చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. ఈసారి ఎవరొచ్చినా వదిలేది లేదు.

కాత్యా దగ్గరికొచ్చి, చీపురు తిరగేసి, వాళ్ళ కాళ్ళ ముందు నిలిచిన నీళ్ళని పక్కకి ఊడ్చింది. వాళ్ళు ముందుకి జరిగితే అక్కడ ఊడ్చింది. పక్కకి తిరిగితే అటొచ్చి ఊడ్చింది. హ్యాండ్‌బ్యాగ్ మోచేతికి వేలాడుతూనే ఉంది.

"నవ్వకమ్మా," అంది. "పడితే ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సింది నేనే. మీరు కాస్త ఆవిడని గట్టిగా పట్టుకోండి, చోద్యం చూడకుండా."

"పట్టుకున్నానమ్మా," అన్నాడు లెయార్కో.

వాల్ట్జ్ చివరికొచ్చింది. ఒక్క అడుగు తగ్గలేదు. గాస్తోనె ఊపిరైనా తీసుకోకుండా మళ్ళీ మొదట్నుంచి అందుకున్నాడు.

కాత్యా ఊడుస్తూనే, వానకి గొంతు పెంచి అడిగింది. "అమ్మా, రేపు ఆయన కప్పెల్లెత్తి సూప్‌లో తింటారా, టమాటా సాసుతోనా?"

"సూప్‌లోనే," అంది నివెస్. "సాసుతో తినేవాడైతే ఈ వానలో నేనెందుకు తడుస్తానే?"