సర్వర్ చదివే రెండో ఫైలు

గడ్డానికి సబ్బు నురగతో క్షవరం కుర్చీలో కూర్చున్నవాణ్ణి, అద్దంలో అతని కళ్ళు చూస్తూనే కాల్చారు. వారంలో అతను నాలుగోవాడు.

"నలుగురూ మన ఏజెంట్లే," అన్నాడు చీఫ్. "విత్తనాలమ్మే వెబ్‌సైట్‌లో లాగిన్ అయి రిపోర్టిచ్చారు. గంటలో పోయారు. ఆ సర్వర్‌లో, సైటును నడిపే పీహెచ్‌పీ ప్రోగ్రాముకి కాన్ఫిగరేషన్ ఫైలుంది. అందులో ఎవరో ఒక లైను దూర్చారు. ఏ పేజీ తెరిచినా ముందు శత్రువు స్క్రిప్ట్ నడిచి, టైపు చేసిన పేరూ అడ్రసూ వాళ్ళకి చేరవేస్తోంది."

"సైటే మూసేస్తే?"

"మూతపడితే దొరికిపోయామని మనవాళ్ళకి గుర్తు. వెంటనే విషం మింగుతారు. ఆ ఆర్డరిచ్చింది నేనే."

"తర్వాత లాగిన్ అయ్యేదెవరు?"

చీఫ్ గోళ్ళు చూసుకున్నాడు. "మధ్యాహ్నం పన్నెండింటికి, మీ చెల్లెలు."

ఏజెంట్ కందిరీగ గడియారం చూసుకుని లేచాడు. పదకొండున్నరకి ఏసీ మెకానిక్ వేషంలో, మూడో అంతస్తు సర్వర్ హాల్లో ఉన్నాడు.

"చలి ఎక్కువైందా?" కోడ్ అడిగాడు.

"చెమట పట్టేంత," అంది ఇన్‌ఛార్జి. పచ్చ పట్టు స్కార్ఫు. నవ్విందంటే ఎదుటివాడు వచ్చిన పని మరిచిపోవాల్సిందే. తొమ్మిదేళ్ళుగా ఈ సర్వర్లు ఆమె చేతిలోనే ఉన్నాయి. డిపార్ట్‌మెంట్‌లో ఆమె పేరు నెమలి.

"ఫైలెక్కడ మేడమ్?"

"మిషన్నే అడుగుదాం." ఒక కమాండ్ కొట్టింది. స్క్రీన్ మీద ఆ ఫైలుకి దారి పడింది. కందిరీగ ఫైలు తెరిచి చివరిదాకా చదివాడు. దొంగ లైను లేదు. పదకొండూ యాభై.

"మీ చీఫ్‌కి చాదస్తం. ఇంటికెళ్ళి పడుకోండి."

అతను ఆ దారిని మళ్ళీ చూశాడు. మధ్యలో సీఎల్ఐ అని మూడక్షరాలు. అది కమాండ్ లైన్ దగ్గర కూర్చుని ఆదేశాలు టైపు చేసేవాడి కోసం పీహెచ్‌పీ చదివే ఫైలు. వెబ్‌సైట్ చదివేది వేరే. కొత్తగా చేరినవాళ్ళు ఒకటి దిద్ది, నడిచేది ఇంకొకటని తెలియక రోజంతా జుట్టు పీక్కుంటారు. తొమ్మిదేళ్ళ అనుభవం ఉన్న మనిషి ఆ పొరపాటు చెయ్యదు.

ఒక్క లైను పేజీ రాసి సైట్‌లో పెట్టి, బ్రౌజర్‌లో తెరిచాడు. తను ఏ ఫైలు చదువుతున్నదీ సర్వరే చెప్పింది. అది వేరే దారి.

వెనక పిస్తోలు టిక్కుమంది. "కీబోర్డు మీంచి చేతులు తియ్, మెకానిక్," అంది నెమలి.

పక్కనున్న ర్యాక్ ఇనుప తలుపును కాలితో తన్నాడు. అది ఆమె మణికట్టు మీద మూసుకుంది. ఎముక విరిగిన చప్పుడు ఫ్యాన్ల హోరులోనూ వినబడింది. రెండో చేతిని స్కార్ఫుతో ర్యాక్‌కి కట్టేశాడు.

రెండో ఫైల్లో లైనుంది. పదకొండూ యాభైఆరు.

"తీసెయ్, తీసెయ్," నొప్పిలోనూ నవ్విందామె. "రేపు ఇంకోటి పెడతారు. చంపేవాళ్ళు నన్నే ఎన్నడూ చూళ్ళేదు. పేరొస్తే చాలు, బయల్దేరతారు."

"పేరొస్తే చాలా?"

లాగిన్ పేజీ తెరిచి, ఆమె మెడలోని కార్డు మీదున్న అసలు పేరు, ఈ హాలు అడ్రసు కొట్టాడు. పాస్‌వర్డ్ తప్పంది పేజీ. అప్పటికే స్క్రిప్ట్ తన పని చేసేసింది.

ఆమె నవ్వు ఆగిపోయింది.

ఆ లైను ముందు సెమికోలన్ పెట్టాడు. ఇక సర్వర్ దాన్ని లెక్కచెయ్యదు. కానీ రీస్టార్ట్ చేసేదాకా పాతదే నడుస్తుంది. కమాండ్ కొట్టాడు. సర్వీసు ఆగింది. లేవడానికి తాత్సారం చేసింది. పన్నెండుకి ఒక్క సెకను మిగిలుండగా లేచింది.

పన్నెండింటికి చెల్లెలు లాగిన్ అయింది. బయటికి ఏమీ పోలేదు. ఆమె రిపోర్టిచ్చి వెళ్ళిపోయేదాకా కందిరీగ కదల్లేదు.

కింద కారు తలుపులు పడ్డాయి.

"అన్నా, ఆ పేరు వెనక్కి తియ్యన్నా!" అరిచింది నెమలి.

"మీకు తెలియందేముంది మేడమ్? పంపేదాకే మన చేతిలో ఉంటుంది."

సంచి భుజాన వేసుకుని కిందికి దిగాడు. లిఫ్టు దగ్గర తచ్చాడుతున్న ఇద్దరు కోటుగాళ్ళకి, మూడో అంతస్తు బటన్ మర్యాదగా తనే నొక్కిపెట్టాడు.